యానాములో ఫ్రెంచి చదువు



కాకినాడనుండి దక్షిణముగా గౌతమీతీరమునకుఁ బోవు బాటలో సుమారు పదికోసుల దూరమున యానాము గలదు. దాని పొలిమేర దాఁటినచో నవే వరిచేలు, అవే కొబ్బరితోఁటలు, అదే తెలుఁగు. అయినను 1954 వఱకు గట్టున కీవలి పిల్లవాఁడు బడిలో "ఏ, బీ, సీ" యని వల్లించుచుండఁగా, ఆవలి పిల్లవాఁడు అవే యక్షరములను "ఆ, బే, సే" యని వల్లించుచుండెను. మన పెద్దలలోఁ బెక్కండ్రకు యానామనఁగా 1929 నాఁటి శారదా చట్టమునకు వెఱచి చిన్నపిల్లల పెండ్లిండ్లు అక్కడకుఁ దీసికొనిపోయి చేసినకథయే జ్ఞప్తికి వచ్చును. ఆ యూరికిఁ గల్యాణపురమను పేరు వచ్చినదియు నందువలననే. నేఁడు నేను చెప్పఁబోవునది పెండ్లిండ్లఁ గూర్చి కాదు, చదువును గూర్చి.

ఫ్రెంచివారు 1723లో నొకమాఱు యానామునకు వచ్చి, వ్యాపారము సాగక మఱలిపోయి, తిరిగి 1731లో స్థిరపడిరి. వారికిఁ గావలసినది మన నేఁతబట్ట. బట్ట కొనుటకు సాలెవానితో మాటలాడవలెను గదా! కావున మొదట భాష నేర్వవలసినవారు వారేకాని మనము కాము. గాస్తొఁ కేర్దూ అను పాదిరి 1732లో భారతదేశమునకు వచ్చి, తెలుఁగు నేర్చి, తెలుఁగు, సంస్కృతము, ఫ్రెంచి పదములు గల నిఘంటువును గూర్చెను. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టఱికమును జూపుచు 1767లో నాయన ఫ్రాన్సు పండితులకు వ్రాసెను. అదే సంగతిని విలియం జోన్సు దొర కలకత్తాలోఁ జెప్పినది 1786లో. కీర్తి మాత్రము వెనుక చెప్పిన వానికే దక్కినది.

పాదిరులు భాష నేర్చిరి. వర్తకు లంతటి శ్రమ పడలేదు, దుబాసీని బెట్టుకొనిరి. ద్విభాషి యను మాటయే దుబాసీ యైనది. దుబాసీ నోటిమాటపై దొరకును రైతునకును నడుమ వ్యవహారము నడచెడిది. పుదుచ్చేరిలో డూప్లే దొరకడ దుబాసీగా నుండిన ఆనందరంగపిళ్ల యెంతటి పలుకుబడి గలవాఁడో యాయన దినచర్యయే చెప్పును. ఇరువురు మాటలాడుకొనలేనిచోట మూఁడవవానిదే రాజ్యము.

ఇంగ్లీషువారు పలుమాఱులు యానామును గైకొనిరి. 1814, 1815 సంధుల పిమ్మట అది ఫ్రెంచివారికే తిరిగి చెందెను. అటుపిమ్మట వర్తకము సన్నగిల్లెనుగాని పరిపాలనము మిగిలెను. చట్టము ఫ్రెంచి, కచేరి ఫ్రెంచి, జనన మరణముల లెక్క ఫ్రెంచి. ఫ్రెంచి వచ్చినవాఁడు కాగితమును జదివి చేవ్రాలు చేసెడివాఁడు. రానివాఁడు చదివించుకొని వ్రేలిముద్ర వేసెడివాఁడు. అందుచేత తండ్రులు పిల్లలను ఫ్రెంచిబడికిఁ బంపిరి. పై చదువులకుఁ బుదుచ్చేరి పోవలెను. అది యేఁబదియఱువది యామడల దూరము, నడుమ నంతయు ఇంగ్లీషువారి సీమ.

ఆ భాష మన పిల్లవానికిఁ బెట్టిన చిక్కులను గొంచెము చెప్పెదను. ఫ్రెంచిలో నపుంసకలింగము లేదు. బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. సూర్యుఁడు పురుషుఁడే, కాని చంద్రుఁడు స్త్రీ! రోహిణీపతిని ఆడుదానిగాఁ జెప్పుట కెవని నోరాడును? అయినను ఇంట సంస్కృతము విన్న పిల్లవాఁ డంతగా బెదరఁడు. భార్యను జెప్పు దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకమని తాతగా రదివఱకే చెప్పియుందురు. లెక్క మఱియు వింత. డెబ్బదిని వారు "అఱువదియుఁ బది" యందురు, ఎనుబదిని "నాలుగిరువదు"లందురు, తొంబది "నాలుగిరువదులును బది". మీలో నెనుబదియేండ్లు నిండినవా రుందురు. మిమ్ము ఫ్రెంచివాఁడు నాలుగిరువదులవారనును.

మనకు సులువైనవియుఁ గలవు. ఇంగ్లీషులో తండ్రికిని పాలేరునకును ఒకటే సంబోధనము. ఫ్రెంచిలో మన నీవు, మీరు వలెనే "త్యు", "వూ" అని రెండు గలవు. ఎవరి నెట్లు పిలువవలెనో గోదావరిసీమ బిడ్డకు వేఱుగా నేర్పవలెనా? ఇఁక ఉచ్చారణము. ఫ్రెంచివారు పలుమాటలను ముక్కుతోఁ బలుకుదురు. "బొఁజూర్" అనఁగా శుభదినము. అందలి మొదటి యక్షరమును మన యరసున్నతోఁ దప్ప వ్రాయుటకు వీలులేదు. మనము అరసున్నను వ్రాసి పలుకుట మానితిమి. వారు నకారమును వ్రాసి అరసున్నను బలుకుచున్నారు! పదాంతమందలి హల్లులను వ్రాసి మ్రింగివేయుట మాత్రము, పలికినట్లే వ్రాయు మనకుఁ జిరకాలము మింగుడుపడని సంగతి.

గట్టున కీవల సంగతి యెట్లున్నదో చూతము. 1852లో ఆనకట్ట పూర్తియై డెల్టాకు నీరు పాఱినది. ఆ దినములలోనే సబుకలెక్టరు టెయిలరు దొర నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు పెట్టించెను. చుట్టుపట్ల రైతులు తమ యూళ్లకును బడులు కావలెనని, వాని ఖర్చునకై శిస్తుపై నింత చేర్చి వసూలు చేయుఁడని తామే కోరిరి. పన్ను తగ్గింపుమని కోరుట లోకమున నెల్లెడల నున్నదే. బడికొఱకుఁ బన్ను వేయుమని కోరిన ఘనత మన పశ్చిమ డెల్టా రైతులది. చదువుపై నట్టి యాసక్తి గలచోట ఇంగ్లీషు త్వరలోనే పాఁకెను. రాజమహేంద్రవరమున, కాకినాడలోఁ గళాశాలలు వెలసెను. ఇంగ్లీషు నేర్చినవానికి మదరాసు కలకత్తాల దాఁక బ్రతుకుతెరువు దొరకెను. ఫ్రెంచి నేర్చిన యానామువాఁడు తన యూరి పొలిమేర దాఁటఁగానే చదువురానివానితో సమానుఁడు. వానికిఁ బుదుచ్చేరియైనను గావలెను, సముద్రముల కావలి ఫ్రెంచిసీమలైనను గావలెను.

ఈ చదువు పాలకుల యెడ విధేయులనే పుట్టించెనా? దడాల రఫేలు రమణయ్యగారి చరిత్ర చూడుఁడు. ఆయన 1908లో యానాము చెంత ఫరంపేటలో జన్మించి, ఫ్రెంచి చదివి, ఫ్రెంచివారి పోలీసు కొలువులో నధికారియయ్యెను. ఆ దొరతనము తమ భాష నేర్పి తమ దుస్తులు తొడిగిన యా మనుష్యుఁడే కొలువు విడిచి, 1954 జూను 13వ తేదీని వాలంటీర్లకు ముందు నిలిచి యానామును విడిపించెను. వారి చట్టమును, కచేరి మర్యాదను లోపలనుండి యెఱిఁగినవాఁ డగుట యాయనకుఁ గొఱఁతపడియుండదని నా యభిప్రాయము.

ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీని పరిపాలనము భారతప్రభుత్వమునకు వచ్చెను. 1956 మే 28వ తేదీని సంధి వ్రాయఁబడి, 1962 ఆగస్టు 16వ తేదీని అమలులోనికి వచ్చెను. ప్రజాప్రతినిధులు వేఱుగా నిర్ణయించువఱకు ఫ్రెంచియే అధికారభాషగా నుండవలెనని యందొక నిబంధన గలదు. ఫ్రెంచి పౌరులుగానే యుండఁగోరువారు ఆఱునెలలలోఁ దెలుపవలెనని మఱియొక నిబంధన. తాతయో తండ్రియో అట్లు కోరుకొనిన కుటుంబములకు నాఁటి కాగితములు నేఁటికిని బ్రాణముతో సమానము.

1965 నాఁటి అధికారభాషా చట్టము యానామునకుఁ దెలుఁగును ఇచ్చెను. కచేరిలో తెలుఁగు మాట వినఁబడుట కట్లు రెండువందల యేండ్లకుఁ బైగాఁ బట్టినది. సంతోషింపఁదగిన సంగతియే. కాని యాస్తిపత్రములును, జనన వివాహ పట్టికలును నాఁటి ఫ్రెంచిలోనే యున్నవి. వానిలో మన పేళ్లు ఫ్రెంచి వర్ణక్రమముతో వ్రాయఁబడినవి. ఒక్క ఉకారమునకే రెండేసి యక్షరములు. ఇరుదరుల బంధువులుగల యింటిలో ఒకే యింటిపేరు కాకినాడ కాగితములో నొక రీతిని, యానాము కాగితములో మఱియొక రీతిని గానవచ్చును. రెండును నొకటే యని తేల్చుటకు మనుమఁడు ఆ పత్రమును జేతఁబట్టుకొని, చదువఁగలవారికొఱకు, అనఁగా మరల నొక దుబాసీకొఱకు, వెదకుచుఁ బోవలసి వచ్చును.