కొయ్య ఎద్దు

కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల బొమ్మలను గురించి అందరూ రాస్తారు. మా అయిజ వడ్లాయన చేసిన కొయ్య ఎద్దును గురించి ఎవరూ రాయలేదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు.

పిల్లల చేతికి జంతువు బొమ్మ ఇవ్వడం మనకు కొత్త కాదు. హరప్పా, మొహెంజొదారో తవ్వకాల్లో మట్టి ఎద్దులు, మట్టి బండ్లు దొరికాయి. కొయ్యవి కూడా ఉండే ఉంటాయి గాని, కొయ్య నేలలో నిలవదు. నాగపూర్ ప్రాంతంలో పోలా పండుగ మర్నాడు పిల్లలు చక్రాల కొయ్య ఎద్దులను అలంకరించి ఇంటింటికీ తిప్పుతారు. దానిని తాన్హా పోలా అంటారు. కొండపల్లి వారు తేలికైన తెల్ల పొణికి కర్రతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి లక్క రంగులు ఎక్కిస్తారు.

మా నడిగడ్డలో పొణికి లేదు, లక్క లేదు. ఏరువాక పున్నమి తరువాత వచ్చే అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తాం. అవి రెండు రోజుల్లో విరిగిపోయేవి. మేము ఏడుస్తూ వడ్లాయన కొట్టం దగ్గరికి పోయేవాళ్లం. నాగళ్లు చేయగా మిగిలిన వేప ముక్కను బాడిసెతో చెక్కి, కడుపు కింద ఉలితో తొలిచి కాళ్లు తీసేవాడు. బరమతో రెండు రంధ్రాలు పెట్టి కొమ్ములు దిగగొట్టేవాడు. చెవులకు పాత చెప్పు తోలు. కింద పలక, నాలుగు చక్రాలు, ముందు ఒక తాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. కల్లం దగ్గర మేర ముట్టేది కదా! మరునాడు కనబడితే మాత్రం, “ఏం నాయనా, ఎద్దుకు గడ్డేసినావా?” అని అడిగేవాడు.

ట్రాక్టర్లు వచ్చాయి, నాగళ్లు తగ్గాయి, మేర ఆగింది. 1980 తరువాత స్వయం ఉపాధి రుణాలు ఇస్తున్న కాలంలో ఆయన కొడుకు, బొమ్మలు, కుర్చీలు చేసి అమ్ముకుంటానని నేను పనిచేసే కార్యాలయానికి దరఖాస్తు తెచ్చాడు. పనిముట్లకు కొటేషన్ జతపరచలేదు. తండ్రి చేసి ఇచ్చిన పనిముట్లకు కొటేషన్ ఎక్కడిది? “తిప్పి పంపడమైనది” అని నోటు రాసింది నేనే. నిబంధన ప్రకారం తప్పు లేదు. ఒక్కమాట పిలిచి, కర్ర కొనడానికని రాసి తెమ్మని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ కుటుంబం రాయచూరు వైపు వలస పోయింది.

2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ప్రభుత్వ నాణ్యతా ముద్ర తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులకు మినహాయింపు ఇచ్చారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ దరఖాస్తే గుర్తుకు వచ్చింది. నమోదు కావాలన్నా కాగితం కావాలి. కాగితం రాసిపెట్టే మనిషి కావాలి.

మిత్రులారా, మనకు పెన్షన్ ఉంది, తీరిక ఉంది, ఫారాలు నింపడం మనకంటే బాగా ఎవరికి తెలుసు? మీ ఊళ్లో ఉలి పట్టే మనిషి ఎవరైనా మిగిలి ఉంటే, ఆయన గడప తొక్కండి. మనుమలకు ఒక ఎద్దు చేయించండి. డబ్బు ఇవ్వడం మరవకండి. ఇప్పుడు మేర లేదు.