పాడైన తుపాకి, బొమ్మ తుపాకి, చట్టం

మన ఏజెన్సీ ఊళ్ళలో కొన్ని ఇళ్ళ అటకల మీద ఇప్పటికీ తాతల నాటి నాటు తుపాకి దొరుకుతుంది. గొట్టం తుప్పు పట్టి ఉంటుంది, కట్టె పగిలి ఉంటుంది. మందు కూరినా అది పేలదు. దాన్ని ఎవరూ వాడరు, పారేయరు. "మా తాతది" అని ఉంచుకుంటారు. అలా ఉంచుకున్న ఇంటి వాళ్ళు నేరం చేసినట్టేనా? ఊళ్ళో దీన్ని అడగడానికే భయపడతాం. జవాబు తెలియాలంటే చట్టం ఏం చెబుతుందో చూడాలి. ఆ చట్టం మన దాకా ఎలా వచ్చిందో కూడా చూడాలి.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు వాళ్ళకు జనం చేతిలో ఆయుధం అంటే భయం పట్టుకుంది. ఆయుధాల మీద 1857లో ఒకటి, 1860లో ఒకటి చట్టాలు తెచ్చారు. అదే కాలంలో మన గోదావరి ఒడ్డున కొండరెడ్ల నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి తెల్లదొరలను ఎదిరించాడు. 1858లో ఆయన్ను ఉరితీశారు. ఈ కథ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరాకు మించి రాలేదు.

ఆ తర్వాత లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు 1878 ఆయుధ చట్టం వచ్చింది. మన యువతీయువకులు తప్పక తెలుసుకోవలసిన చట్టం ఇది. ఆయుధం అంటే ఏమిటో చెప్పే చోట తుపాకి, కత్తి, బల్లెంతో పాటు విల్లు, బాణం పేర్లు కూడా అందులో రాశారు. అంటే మన పిల్లవాడు నడక నేర్చిన నాటి నుంచి చేత పట్టే విల్లంబును కలకత్తా, లండన్ దొరలు ఫిరంగి ఉన్న వరుసలోనే చేర్చారు. నిబంధనల్లో కొన్ని సడలింపులు ఉన్నాయి. అయితే ఆ సడలింపుల్లో పెద్ద వాటా తెల్లవాళ్ళదే. వాళ్ళు తుపాకి పెట్టుకుంటే లైసెన్సు అక్కరలేదు, ఈ దేశపు మనిషికి కావాలి.

ఆ మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు లేచింది. దానికి కారణం ఆయుధ చట్టం కాదు. కల్లు మీద వేసిన పన్ను, మనసబుదారు దోపిడీ, పోలీసుల దౌర్జన్యం, షావుకార్ల మోసం కారణాలు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి వంటి వాళ్ళు ముందుకు వచ్చారు. తిరగబడ్డ వాళ్ళు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. ఆయుధం ఉన్నది సర్కారు దగ్గరే కాబట్టి దాని కోసం సర్కారు ఇంటికే వెళ్ళాల్సి వచ్చింది.

నలభై మూడేళ్ళ తర్వాత అల్లూరి సీతారామరాజు చేసిందీ అదే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు పట్టుకున్నారు. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు దొరికాయి. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర, ఇంకా పేరు నమోదు కాని వందల మంది మన వాళ్ళ చేతుల్లో అప్పటి దాకా ఉన్నవి విల్లంబులు, కత్తులు, కొద్దిపాటి నాటు తుపాకులు. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. 1924 మే 7న అల్లూరిని చంపారు. ఆ తర్వాత మన్యంలో తుపాకి పట్టిన ఆదివాసి అంటే సర్కారు కంటికి అనుమానితుడే. ఆ చూపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1878 చట్టాన్ని తీసేసి 1959లో కొత్త ఆయుధ చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అది అమలులో ఉంది. కొత్త నిర్వచనంలో విల్లు, బాణం పేర్లు లేవు. వ్యవసాయానికి, ఇంటి పనికి మాత్రమే తయారైన వస్తువులను ఆయుధాల నుంచి మినహాయించారు. తుపాకి విషయానికి వస్తే, పనిచేయనిది, బొమ్మ అనే రెండు మాటల దగ్గర జాగ్రత్తగా చదవాలి.

మొదటిది బొమ్మ. బొమ్మగా తప్ప వేరే విధంగా వాడలేనిది, పనిచేసే ఆయుధంగా మార్చలేనిది అయితే అది ఆయుధం కాదని చట్టం అంటుంది. దీపావళికి తాడేపల్లిగూడెం బజారులో కొనే రీలు తుపాకి ఈ కోవలోది. కానీ నకిలీ తుపాకిని నిజం తుపాకిగా మార్చడాన్ని, తుపాకి గొట్టాన్ని కురచ చేయడాన్ని 6వ సెక్షన్ లైసెన్సు లేకుండా చేయకూడదంటుంది. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీసం 7 ఏళ్ళు, గరిష్ఠంగా యావజ్జీవం శిక్ష ఉంది.

రెండోది పాడైన తుపాకి. పాతకాలపు నమూనాదైనా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, బాగు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాదు అనుకుంటేనే 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. "బాగు చేసినా" అన్న మాటను గమనించాలి. మన అటక మీది తుపాకి ఈరోజు పేలకపోవచ్చు. కమ్మరి దగ్గరకు తీసుకెళ్తే పేలేటట్టయితే మాత్రం మినహాయింపు వర్తించదు. తుపాకి భాగాలు కూడా ఆయుధం కిందికే వస్తాయి, కాబట్టి ముక్కలుగా విడదీసి ఉంచామన్నా సమాధానం కాదు. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే శిక్ష 2019కి ముందు ఏడాది నుంచి మూడేళ్ళు ఉండేది. ఇప్పుడు రెండు నుంచి ఐదేళ్ళు, పైన జరిమానా.

ఇంత కఠినం ఎందుకు అనిపించవచ్చు. లోకంలో జరిగినది చూస్తే కొంత అర్థమవుతుంది. 2015 జనవరిలో పారిస్ దాడుల్లో వాడిన తుపాకుల్లో కొన్ని, పనిచేయకుండా చేసి అమ్మినవే. వాటిని మళ్ళీ బతికించి మనుషులను చంపారు. ఆ ఏడాది డిసెంబరులోనే యూరోపియన్ యూనియన్ తుపాకిని పనికిరాకుండా ఎలా చేయాలో ఒకే రకం నిబంధనలు తెచ్చింది. బ్రిటన్ 2006 చట్టంతో అచ్చం అసలులా కనిపించే నకిలీ తుపాకుల తయారీ, అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. చూసే పోలీసుకు, భయపడే మనిషికి ఆ క్షణంలో అసలుకూ నకిలీకీ తేడా తెలియదు. ఈ కారణం న్యాయమైనదే.

న్యాయం కానిది ఒకటుంది. చట్టం అందరికీ ఒకేలా చేరలేదు. కర్ణాటకలోని కొడగులో కొడవ జాతి వారికి, జమ్మా భూములు ఉన్న వారికి ఇంగ్లీషు కాలం నుంచి తుపాకి లైసెన్సు మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 అక్టోబరు 31 వరకు పొడిగించింది. తుపాకి వాళ్ళ పండుగలో, పుట్టుకలో భాగం అన్నది అక్కడ కారణం. భూమి పండుగకు విల్లంబులతో వేటకు కదిలే కోయల ఆచారం గురించి అలా అడిగిన వాళ్ళు లేరు. మనకూ తుపాకులు కావాలని మనం అనడం లేదు. ఒకరి ఆచారం గౌరవం అయినప్పుడు మరొకరి ఆచారం అనుమానం ఎందుకు కావాలి అని మాత్రం అడుగుతున్నాం.

చట్టంలో మనకు పనికొచ్చే వాక్యాలు కూడా ఉన్నాయి. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమైన వారికి మందు కూరి కాల్చే తుపాకి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతుంది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని, నిరాకరిస్తే కారణం రాతలో ఉండాలని 14వ సెక్షన్ చెబుతుంది. పోడు చేను అడవిపంది పాలైనవాడికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా?

ఇక్కడ మన జిల్లాకు మరో చట్టం అడ్డు వస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఆయుధ లైసెన్సు ఉన్నవాళ్ళు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. కొత్త లైసెన్సుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. కొల్లేరును 1999లో అభయారణ్యం చేశారు, విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. ఆటపాక దగ్గర గూడబాతులను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఎగువన పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయింది, అక్కడా ఇదే నియమం. కాబట్టి కొల్లేరు గట్టున ఉన్న యానాది, ఎరుకల కుటుంబానికీ, పోలవరం కొండల్లోని కొండరెడ్డి కుటుంబానికీ తుపాకి విషయంలో రెండేసి చట్టాలు వర్తిస్తాయి. పక్షిని గానీ జంతువును గానీ వేటాడటం విడిగా మరో నేరం.

ఇవన్నీ తెలిశాక మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంట్లో పాత తుపాకి ఉంటే దాన్ని దాచవద్దు, బాగు చేయించవద్దు, చేతులు మార్చవద్దు. ముందు న్యాయ సలహా తీసుకోవాలి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఏలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు. ఊరి పెద్దలను, సర్పంచిని వెంట పెట్టుకుని అప్పగిస్తే, అప్పగించినట్టు రసీదు అడగాలి. కేసు పెట్టారంటే, లైసెన్సు లేని తుపాకి నేరానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉందా అని 39వ సెక్షన్ పేరు చెప్పి వకీలు చేత అడిగించాలి.

బడుల్లో జూలై 4న అల్లూరి జయంతికి, ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి నాటకం వేసేటప్పుడు ఉపాధ్యాయులం మనం కర్రతో, అట్టతో చేసిన తుపాకులే పిల్లలకు ఇద్దాం. చూడగానే బొమ్మ అని తెలియాలి. అచ్చం అసలులా ఉన్న నకిలీ తుపాకి పట్టుకుని ఫోనులో వీడియో తీసి పంచుకునే తమ్ముళ్ళకు ఒక మాట. పట్నం పిల్లవాడు అలా చేస్తే ఆట అంటారు. నువ్వు చేస్తే ముందు నీ ఊరి పేరు, తర్వాత నీ తెగ పేరు అడుగుతారు. అది అన్యాయమే. కానీ దాని ఖర్చు నీ తల్లిదండ్రులు ఏలూరు కోర్టు చుట్టూ తిరిగి కడతారు.

తుపాకి అప్పగించినంత మాత్రాన తాత కథ పోకూడదు. అప్పగించే ముందే ఆ తుపాకి ఎవరిది, ఎవరు చేశారు, ఏ అడవిలో, ఏ చేనుకు కాపలాగా వాడారు, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి నోటుపుస్తకంలో రాయించండి. తరగతికి పదిమంది రాసినా మన ఊళ్ళ చరిత్ర కొంత నిలుస్తుంది. ఇంతవరకు మన ఆయుధాల గురించి కాగితం మీద ఉన్నదంతా పోలీసులు, దొరలు రాసినదే. ఇకనైనా మన పిల్లలు రాయాలి.