భోజనాల బల్ల మీద సాఫ్ట్‌వేర్

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ అన్న మాట 1968లో జర్మనీలో జరిగిన ఒక సదస్సుతో ప్రచారంలోకి వచ్చింది. అంతకు ఆరేళ్ళ ముందే ఆ పనిని తన ఇంటి భోజనాల బల్ల మీద మొదలుపెట్టిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాను.

ఆవిడ స్టెఫనీ షర్లీ. 1933లో జర్మనీలో పుట్టారు. యూదుల మీద హింస పెచ్చుమీరిన 1939లో, ఐదేళ్ళ పసిపిల్లగా, కన్నవాళ్ళని వదిలి రైలెక్కి ఇంగ్లండు చేరారు. పెద్దయ్యాక ఉద్యోగం చేసుకుంటూనే సాయంకాలం క్లాసులకి వెళ్ళి లెక్కల్లో డిగ్రీ తెచ్చుకున్నారు.

1962లో ఆరు పౌన్ల పెట్టుబడితో కంపెనీ పెట్టారు. ఆ రోజుల్లో అక్కడ కూడా పెళ్ళయితేనో, పిల్లలు పుడితేనో ఆడవాళ్ళు ఉద్యోగం మానేయడం మామూలే. అలా ఇంట్లో కూర్చున్న చదువుకున్న తల్లుల్నే ఈవిడ ఏరికోరి తీసుకున్నారు. ఇంట్లో ఫోనుందా అని మాత్రం అడిగేవారు. కంప్యూటరా? అది ఎవరింట్లోనూ లేదు! పెన్సిలుతో కాగితం మీద ప్రోగ్రాం రాసి పోస్టులో పంపేవారు. అక్కడ దాన్ని కార్డుల మీద చిల్లులుగా కొట్టి, మళ్ళీ కొట్టి సరిచూసుకుని, అప్పుడు యంత్రానికి ఎక్కించేవారు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్సుకి ప్రోగ్రాం రాసింది ఇలాంటి తల్లులే మరి.

స్టెఫనీ అని సంతకం చేసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. భర్త సలహా మీద మగపేరులా 'స్టీవ్' అని పెడితే వచ్చాయి! ఫోనులో పిల్లల అల్లరి వినపడకుండా వెనకాల టైపు మిషను చప్పుడు టేపు వేసేవారట.

మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్ళే. 1975లో ఆడామగా తేడా చూపరాదని చట్టం రావడంతో, పని చేతనైన మగవాళ్ళనీ చేర్చుకోవలసి వచ్చింది.