ఆకు మీది మసి, తెర మీది సిరా

తాటాకు మీద గంటంతో రాస్తున్నవాడికి తన అక్షరం తనకే సరిగా కనపడదు. గంటం మొన ఆకును గీస్తుందే కాని నలుపు చేయదు. ఆకంతా నిండాక దీపపు మసిని నూనెలోనో ఆకుపసరులోనో రంగరించి ఈ కొస నుంచి ఆ కొసకు పూసేస్తారు. ఆకు మొత్తం నల్లబడిపోతుంది. గుడ్డతో తుడిస్తే పై మసి పోయి, గీతల్లోకి దిగింది మిగులుతుంది. పద్యం అప్పుడు తేలుతుంది.

ఈ-ఇంక్ రీడర్‌లో పేజీ మారేటప్పుడు తెర ఒక్క క్షణం నల్లబడి, ఆ తర్వాత అక్షరాలు తేరుకోవడం చూసినవాళ్లకు ఈ సంగతి తెలిస్తే నవ్వొస్తుంది. నాకైతే వచ్చింది. మసి పూసి మారేడుకాయ చేయడం మనకు తెలిసిన విద్యే. మసి పూసి పుస్తకం చేయడం అంతకంటే పాతదై ఉండాలి. తెర మినుక్కుమనడం చెడిపోయిన గుర్తని కొత్తగా కొన్నవాళ్లు కంగారు పడుతుంటారు. అది పాత పేజీ ఛాయను చెరిపే పని, అంతే. లోపలి నల్ల రేణువుల్నీ తెల్ల రేణువుల్నీ ఒకసారి ఈ కొసకూ ఆ కొసకూ తోలకపోతే, వెళ్లిపోయిన పేజీ దయ్యంలా వెనక నిలబడి ఉంటుంది.

భద్రాచలం చుట్టుపక్కల తాటిచెట్లకు కరువు లేదు. ఇప్పుడు వాటిని కల్లు కోసం తలుచుకుంటాం కాని ఒకప్పుడు అవే కాగితం దుకాణాలు. మరీ ముదరని ఆకు కోసి, ఈనె తీసి, పసుపు నీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది, కొలతకు కత్తిరించి, బెజ్జం వేసి, దారం గుచ్చి, పైనా కిందా చెక్క పెట్టి కట్టేవాళ్లు. తాడి ఆకు మందం, మొండిది. శ్రీతాళం ఆకు పలచన, మెత్తన, దొరకడమే కష్టం. రాసేవాడికి బల్ల అక్కర్లేదు. ఎడమ చేతిలో ఆకు, ఆ చేతి బొటనవేలి ఆసరాతో గంటం. మన అక్షరాల గుండ్రదనం ఈ ఆకు పెట్టిన భిక్షేననీ, నిలువు గీత గీస్తే ఈనె వెంట ఆకు చీలుతుందనీ చెబుతారు. పండితులంతా ఒప్పుకున్న మాట కాదుగాని, గంటం పట్టి చూస్తే నమ్మబుద్ధవుతుంది.

ఇక చదవడం. ఆకుకు సొంత వెలుగు లేదు. అరుగు మీద కూర్చుని, ఎండ ఏటవాలుగా పడేలా పట్టుకుని, కొంచెం అటూ ఇటూ వంచుతూ చదవాలి. మాటల మధ్య ఖాళీలు ఉండవు కాబట్టి పైకి చదివితేగాని పదం విడిపోదు. అందుకే చదివేది ఒకరైనా వినేవాళ్లు పదిమంది. ఆ ఉమ్మడి చదువు పోయింది. దాని చోట ఏం వచ్చిందో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లను అడగాలి.

తాటాకు శాశ్వతం కాదు. చెదలు, చెమ్మ, పురుగు. నాలుగైదు తరాలకోసారి ఎవరో ఒకరు కూర్చుని తిరగరాయాలి. రాసేవాడు లేని ఇంటి పుస్తకాన్ని గౌరవంగా నదిలో వదిలేసే అలవాటు దక్షిణాదిలో ఉండేది. ఎన్ని గ్రంథాలు అలా నీళ్లపాలయ్యాయో ఏ లెక్కలకూ అందదు. తాళ్లపాక వారి సంకీర్తనలకు ఆ గతి పట్టకుండా రాగిరేకులు కాపాడాయి. తిరుమల గుడి చిన్న గదిలో అవి శతాబ్దాల పాటు చీకట్లో భద్రంగా ఉన్నాయి, ఎక్కువమంది పాడకుండానే. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్నకు రాగిరేకుల భాగ్యం లేదు. పదిహేడో శతాబ్దంలో ఆయన కట్టిన పాటలు భజన గోష్ఠుల నోళ్లలో బతికి, తర్వాత అచ్చుకెక్కాయి. భద్రంగా ఉండటం, చదవబడటం ఒకటి కావని నాకు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టినప్పుడే అర్థమైంది.

భద్రాచలం చుట్టూ ఉన్న అడవిలో ఆకుతో పనిలేని పుస్తకం ఇంకొకటుంది. కోయల పడిగె. త్రికోణం గుడ్డ మీద వంశం వేల్పుల బొమ్మలు ఉంటాయి. కొలుపులో డోలి కళాకారుడు దాన్ని ముందు పెట్టుకుని వంశ కథ పాడతాడు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలా పాడినవారే. సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ ఆయన నోట నడిచేది. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. గుడ్డను మ్యూజియంలో పెట్టగలం. దాన్ని చదివే గొంతును ఏ అద్దాల బీరువాలో పెడతాం?

కాగితం కథ త్వరగా ముగిస్తాను. బ్రౌన్ దొర జీతాలిచ్చి తాటాకుల్ని కాగితం మీదికి ఎక్కించాడు. ఆ ప్రతులు చెన్నైలో ఉన్నాయి. తర్వాత అచ్చు యంత్రం వచ్చింది, గంటం అటకెక్కింది. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి అవతలి గట్టున సారపాకలో 1979లో పేపర్ బోర్డుల మిల్లు ఉత్పత్తి మొదలుపెట్టింది. దాంతో ఖమ్మం జిల్లా చేలల్లోకి జామాయిల్, సుబాబుల్ వచ్చాయి. దేశంలో క్లోరిన్ వాయువు లేకుండా గుజ్జును తెల్లబరచడం మొదలుపెట్టిన తొలి మిల్లుల్లో ఇదొకటి. తాటివనం పక్కనే జామాయిల్ తోట: రెండు యుగాల కాగితం ఒకే గట్టు మీద నిలబడి ఉంది.

తెర సిరా పుట్టింది దూరదేశంలో. 1970ల్లో జిరాక్స్ వారి పరిశోధనశాలలో నికొలస్ షెరిడన్ సగం నలుపు, సగం తెలుపు ఉన్న పూసల్ని విద్యుత్తుతో దొర్లించాడు. 1997 నాటికి ఎంఐటీలో జోసెఫ్ జాకబ్‌సన్, ఆయన శిష్యులు బారెట్ కొమిస్కీ, జేడీ ఆల్బర్ట్ మరో దారి పట్టారు. తల వెంట్రుక మందమంత గుళికల్లో ద్రవం, అందులో విద్యుదావేశమున్న రేణువులు. ఇప్పటి తెరల్లో తెల్లవి టైటానియం డయాక్సైడ్. మన ఇళ్ల గోడల సున్నానికి బదులు వచ్చిన తెల్ల పెయింట్‌లో ఉండేదీ అదే. వోల్టేజీ ఇస్తే ఏదో ఒక రంగు పైకి వస్తుంది. కరెంటు తీసేసినా అక్కడే ఉండిపోతుంది. 2004లో జపాన్‌లో సోనీ లిబ్రీ, 2007 నవంబరులో కిండిల్ వచ్చాయి. 2010లో వచ్చిన ఐప్యాడ్ ఆ దారిని కాదని కంట్లోకి తానే వెలుగు పంపింది.

సుఖం ఎందులో అంటే పరిశోధకులూ ఒక మాట మీద లేరు. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో రెండు తెరల అలసట దాదాపు సమానంగా తేలింది. 2013లో బెనెడెట్టో బృందం ట్యాబ్ తెర మీద చదివినవాళ్లు తక్కువ సార్లు రెప్పలార్పారనీ, వాళ్ల కళ్లు ఎక్కువ అలసిపోయాయనీ చూపించింది. పడుకోబోయే ముందు వెలుగు చిమ్మే తెర మీద చదివితే నిద్ర ఆలస్యమవుతుందని 2015లో ఇంకో బృందం చెప్పింది. నా తీర్పు అడిగితే, మే నెల మిట్టమధ్యాహ్నం భద్రాచలం కరకట్ట మీద కూర్చుని చూడమంటాను. ట్యాబ్ మీ ముఖం మీకే చూపిస్తుంది. ఈ-ఇంక్ తెర ఎండ ముదిరే కొద్దీ తేటపడుతుంది. కాగితమంత తెలుపు మాత్రం కాదది. పడ్డ వెలుగులో సగం కూడా వెనక్కి రాదు. ముసలి తాటాకు రంగు గుర్తున్నవాళ్లకు అదేమంత లోటుగా తోచదు.

కాని అసలు చిక్కు కళ్లది కాదు. 2016 డిసెంబరులో కిండిల్ దుకాణం హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు తలుపు తీసింది. తెలుగుకు తీయలేదు. మనవాళ్ల కినిగె 2010లోనే తెలుగు ఈ-పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టినా, మనకు ఉచితంగా దొరికే పాత సాహిత్యం చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్. దాన్ని ఆరంగుళాల ఈ-ఇంక్ తెర మీద తెరిస్తే ఒత్తులు చీమల్లా ముద్దకడతాయి. పెద్దది చేస్తే పేజీ తెర దాటిపోతుంది, జరుపుతూ పోవాలి, జరిపిన ప్రతిసారీ మినుకు. పదంగుళాల ట్యాబే ఇక్కడ గెలుస్తుంది. ఆ ట్యాబ్ కూడా సరిహద్దు చూసుకునే వచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. భద్రాచలం పొలిమేర దాటితే వచ్చే ఎటపాక ఆ రాష్ట్రంలోది. భద్రాచలం బడి మాత్రం తెలంగాణది.

ఇన్నాళ్లకు దారి కొంచెం కనపడుతోంది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు స్కాన్ పేజీని పక్కన పెట్టుకుని, యంత్రం చదివిన పాఠంలో తప్పులు దిద్దుతున్నారు. ఒకరు దిద్దినదాన్ని ఇంకొకరు సరిచూస్తారు. బ్రౌన్ దగ్గర జీతానికి చేసిన పనిని వీళ్లు జీతం లేకుండా చేస్తున్నారు. అలా తేలిన పుస్తకాన్ని ఈపబ్‌గా దించుకుని, ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ పరికరంలో వేసుకుంటే అక్షరం కావలసినంత పెద్దదవుతుంది, పంక్తి తెరలోనే మడత పడుతుంది, ఒత్తు తన అక్షరం కిందే కూర్చుంటుంది.