తణుకు సభలో గిడుగువారు: పత్రసమర్పణకు ఒక పాఠం

సదస్సులో పత్రం సమర్పించే రోజు దగ్గరపడేసరికి మన విద్యార్థులను రెండు భయాలు పట్టుకుంటాయి. ఒకటి, పదిమంది ముందు మాట్లాడటం. రెండవది, పొరుగు రాష్ట్రంలో పెరిగిన తమ తెలుగు ఆ సభకు తగుతుందా అన్న సంకోచం. ఈ రెండింటికీ సమాధానం మన భాషా చరిత్రలోనే ఉన్నదని మేము భావిస్తున్నాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) జీవితంలో ఎక్కువ భాగం గడిపింది పర్లాకిమిడిలో. 1880లో అక్కడ ఉపాధ్యాయుడుగా చేరారు. చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు ముఖలింగం ఆలయ శాసనాలను చదవడం స్వయంకృషితో నేర్చుకున్నారు. సవర భాషను సవరల నోటనే విని నేర్చుకున్నారు. ఆ కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు క్వినైన్ వాడగా వినికిడి దెబ్బతిన్నదంటారు.

అటువంటి మనిషి 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో మాట్లాడటానికి నిలబడ్డారు. 1911లో ఏర్పడిన ఆ పరిషత్తు గ్రాంథికవాదుల కోట. అక్కడ నాలుగు గంటలసేపు వ్యావహారిక భాష పక్షాన ప్రసంగించి, సభను తనవైపు తిప్పుకున్నారు.

అది ఎలా సాధ్యమైంది? ఎదుటివారు ప్రమాణంగా భావించే గ్రంథాలలోని ప్రయోగాలనే ఆయన ఎత్తి చూపారు. వినేవారి ఇంటి సొత్తే సాక్ష్యంగా వచ్చినప్పుడు కాదనడం కష్టం.

మనకు నాలుగు గంటలు ఎవరూ ఇవ్వరు. ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. కనుక మన ప్రతిపాదన ఒక్కటే కావాలి, అది మొదటే సభకు తెలియాలి. సేకరించిన ఉదాహరణలు వంద ఉన్నా, బలమైనవి మూడో నాలుగో చాలు. అవి ఎక్కడ దొరికాయో చెప్పాలి. తలవంచుకొని పత్రమంతా అప్పజెప్పడం కన్నా, వాటిని వివరించడం మేలు. రాబోయే ఆక్షేపణకు జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగువారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. నేడు మనం వాడుకభాషలో పత్రం చదవగలుగుతున్నామంటే అందులో ఆ సరిహద్దు ఊరి ఉపాధ్యాయుని పాలు ఎంతో ఉన్నది. హోసూరులోనో, బరంపురంలోనో, బళ్ళారిలోనో మనం సేకరించిన మాట ఒక్కటే కావచ్చు. ఎవరి నోట, ఏ సందర్భంలో విన్నామో చెప్పగలిగితే అది ఏ సభలోనైనా నిలిచే సాక్ష్యమే.