మందల తిరుగుడు రోగం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినారు. దేవరుప్పుల మండలం అనగానే మిత్రులు కడవెండినీ, 1946 జూలై 4న అక్కడ తుపాకి గుండుకు ఒరిగిన దొడ్డి కొమరయ్యనూ తలుచుకుంటారు. ఆ చరిత్ర రాసినవారు చాలామంది ఉన్నారు. కొమరయ్య గొర్రెలు కాసే కురుమల బిడ్డ. ఆ మందలకు పట్టే ఒక జబ్బు గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. నేను పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ని, వైద్యుణ్ని కాను. కళ్లారా చూసినదీ, డాక్టర్ల వద్ద విన్నదీ, తరువాత చదివినదీ మనవి చేస్తున్నాను.

మందలో ఒక జీవం వెనుకబడుతుంది. తల ఒక పక్కకు వంచి గానుగెద్దులాగా ఒకే దిక్కుకు తిరుగుతుంది. గోడకో చెట్టుకో తల ఆనించి నిలబడుతుంది. చూపు తగ్గుతుంది, మేత తగ్గుతుంది, వారాల తరబడి చిక్కిపోతుంది. జ్వరం మాత్రం ఉండదు. మా రిజిస్టరులో జబ్బు కాలము ఇరుకు, "తల తిప్పుట" అని రాసేవాళ్లం. పట్టుకొచ్చిన పెద్దమనిషి "గాలి సోకింది సారూ" అనేవాడు. అప్పటికే నుదుటి మీద వాత పడి ఉండేది, కొమురవెల్లి మల్లన్నకు మొక్కూ అయి ఉండేది.

దీనికి నవ్వనక్కరలేదు. గ్రీకు దేశంలో రెండు వేల నాలుగు వందల ఏండ్ల కిందట ఇదే వాదన నడిచింది. మూర్ఛ దేవతల వల్ల వచ్చేది కాదని చెబుతూ, హిప్పోక్రటీసు పేరిట ఉన్న గ్రంథం అటువంటి జబ్బు పడ్డ మేక తల కోసి చూడమన్నది. లోపల మెదడు నీరు పట్టి ఉంటుందని చెప్పింది. ఆ నీటి మూలం తేలడానికి 1850ల దాకా పట్టింది. జర్మనీలో కూకెన్‌మైస్టర్ అనే వైద్యుడు గొర్రె మెదడులోని నీటితిత్తిని కుక్కకు తినిపించి, దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుందని చూపినాడు.

కుక్క విసర్జించిన గుడ్లు గడ్డికి అంటుతాయి. గొర్రె ఆ గడ్డి మేస్తే పిల్లపురుగు నెత్తురు వెంట మెదడుకు చేరి, నెలల మీద కోడిగుడ్డంత తిత్తి అవుతుంది. లేత జీవాలకే ఎక్కువగా పట్టుతుంది. ఇక బాగుపడదని యజమాని దాన్ని కోస్తాడు, పాడైన తలను మంద కుక్కకు విసురుతాడు. మందను కాచే కుక్కే ఆ రోగాన్ని మళ్లీ బీట్లో చల్లుతుంది. వాతలు పెట్టిన ముసలాయన కన్నా ఈ అలవాటే మందకు ఎక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం.

1980లలో మా డాక్టరుగారు ఒక గొర్రె పుర్రెను బొటనవేలితో నొక్కి, మెత్తబడ్డ చోటు చూపించి, అక్కడ చిన్న రంధ్రం చేసి తిత్తిని ముక్కకాకుండా లాగినారు. నీటితో నిండిన పలుచని సంచి, లోపల గసగసాల వంటి తెల్లని చుక్కలు. సాయంత్రానికి గొర్రె లేచి నిలబడింది. మరొక దానికి తిత్తి లోతుగా ఉండి దక్కలేదు.

తల తిప్పినదల్లా ఈ రోగం కాదు. తొలకరి లేతగడ్డి మేసి గంటల్లో తల వెనక్కి విరిచి కాళ్లు కొట్టుకుంటే అది చిటుక రోగం. దానికి వానలకు ముందే టీకా వేయించాలి. ఎడ్లూ బర్రెలూ జ్వరంతో గుండ్రంగా తిరిగితే సర్రా కావచ్చు. జోరీగలు మోసే ఆ క్రిమిని 1880లో పంజాబులో గ్రిఫిత్ ఎవాన్స్ కనుగొన్నాడు. బర్రె చొంగ కారుస్తూ వింతగా అరుస్తుంటే, గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టేవారిని చూసినాను. అది పిచ్చికుక్క కాటు వల్ల వచ్చిన రేబిస్ అయితే మనిషి ప్రాణానికే ముప్పు. లక్షణాలు బయటపడ్డాక మందు లేదు.

కొమరయ్య నేలకొరిగిన 1946లోనే హైదరాబాదులో పశువైద్య కళాశాల మొదలైంది. 2017 జూన్‌లో ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలూ ఒక పొట్టేలూ ఇచ్చే పథకం ప్రారంభించింది. ఇరవైలో ఒకటి తిరుగుడుకు పోతే ఆ ఇంటికి ఎంత లోటో మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. కోసిన తలను కాల్చడమో, కుక్కలు తవ్వలేనంత లోతున పాతడమో చెయ్యాలి. మూడు నెలలకొకసారి కుక్కకు బద్దెపురుగు మందు వెయ్యాలి. మందకు టీకాలు వేయించే కాపరులు కూడా కుక్కను దవాఖానకు తేవడం నా సర్వీసులో నాలుగైదు సార్లే చూసినాను.