హాలీసిక్కా చిల్లర: కాజీపేట ప్రాంతమునఁ జెల్లని నాణెముల నిలువ

రూపాయి యను మాటకు మూలము సంస్కృతమునందలి రూప్యశబ్దము. రూపశబ్దముమీఁద ఆహతార్థమున యప్ప్రత్యయమును పాణిని విధించెను. ఆహతమనఁగా ముద్రతోఁ గొట్టఁబడినది. కావున లోహఖండము వెండియైనంతమాత్రమున రూప్యము గాదు. ముద్రచేత రూపమును బొందినప్పుడే యగును. నాణెమునకు ముద్ర యొకటి, లోహమొకటి యని రెండంశములున్నవి. ముద్ర ప్రభుత్వాజ్ఞను దెలుపును. లోహము స్వతస్సిద్ధమైన వెలను దెలుపును. ఆజ్ఞ ఉపసంహృతమైన దినమున ముద్ర నిష్ఫలమగును, లోహము నిలుచును. అట్లు నిలిచినదానిని ప్రజలేల దాఁచుకొందురు, ఆ దాఁపు చరిత్రకారునకు నేమి బోధించును అను నీ రెండు విషయములకును హైదరాబాదు సంస్థానపు హాలీసిక్కా చరిత్రము చక్కని నిదర్శనము. ఆ చరిత్రమును బరిశీలించుటకు కాజీపేట తగిన స్థలము.

నేఁటి హనుమకొండ జిల్లాలోని కాజీపేట, ఓరుగల్లు కాజీయై 1856లో పరమపదించిన సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ దర్గావలనఁ బ్రసిద్ధినందినది. నిజాము రాష్ట్రపు రైలుమార్గము 1886లో ఓరుగల్లు వఱకును, 1889లో బెజవాడ వఱకును సాగెను. 1929లో కాజీపేట బల్లార్షా మార్గము పూర్తియైనది. దానితో మదరాసు ఢిల్లీ నగరములకు నేరుగా సంబంధమేర్పడి కాజీపేట గొప్ప కూడలియయ్యెను. బెజవాడ వైపునుండి వచ్చు బాటసారి చేతిలో నాంగ్లప్రభుత్వపు కల్దారు నాణెములుండెడివి. ఉర్సుకు వచ్చు పల్లెవాని కొంగున హాలీసిక్కా యుండెడిది. రెండు ద్రవ్యములు కలియుచోట షరాబు బల్లయు, వట్టమును దప్పవు.

ఈ పేరుల యర్థము గమనింపఁదగినది. కల్ అనఁగా యంత్రము. యంత్రముతోఁ గొట్టఁబడినది కల్దారు. హాల్ అనఁగా వర్తమానకాలము. ప్రస్తుతము చెల్లునది హాలీ. 1857 నాఁటి విప్లవానంతరము ఢిల్లీ పాదుషా పేరు తొలఁగి, నిజాము పేర ముద్రితమైన నాణెమున కీ పేరు స్థిరపడెను. సాలార్జంగు మంత్రిత్వమున వేర్వేఱు తావులందలి టంకశాలలు మూయఁబడి పని రాజధానికిఁ జేరెను. 1903లో సైఫాబాదున యంత్రములతోఁ గూడిన టంకశాల నెలకొన్నది. అనంతరము హాలీసిక్కాయును యంత్రముతోఁ గొట్టఁబడినదే. అర్థమునుబట్టి చూచిన నదియును కల్దారే కావలసినది. కాని పేరు మాఱలేదు. యోగార్థము పోయి రూఢి నిలుచుట కిది యొక యుదాహరణము. చెలామణి పోయిన పిమ్మటఁగూడ తెలంగాణపు వృద్ధులు ఆ నాణెమును హాలీయనియే వ్యవహరించుట రెండవ యుదాహరణము.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలపు రూపాయిమీఁద చార్మినారు చిత్రమును, దాని ద్వారమధ్యమున ఉస్మాన్ నామమునకు మొదటి యక్షరమైన అయినును గనఁబడును. దాని తూకము సుమారు 11.18 గ్రాములు, వేయిపాళ్లలో 818 పాళ్లు వెండి. కల్దారు రూపాయి తూకము తులము, అనఁగా 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. లెక్క చూచిన హాలీ రూపాయిలో 9.14 గ్రాములును, కల్దారులో 10.69 గ్రాములును మేలిమి వెండి గలదు. ఏడు హాలీ రూపాయల వెండి 64 గ్రాములు; ఆఱు కల్దారు రూపాయల వెండియు నించుమించుగ నంతియే. ఏడు హాలీలకు ఆఱు కల్దారులను మారకపు ధర యీ లోహసామ్యమునకు సరిపోవుచున్నది. నూఱు కల్దారులకు 116 2/3 హాలీ రూపాయలను లెక్కయు నిదియే. రెండవ ప్రపంచయుద్ధకాలమున నుభయప్రభుత్వములును వెండి పాలును దగ్గించినను నీ ధర మాఱలేదు.

రూపాయల యెడ నీ ధర న్యాయమైనదే. చిల్లర యెడనే చిక్కు వచ్చెను. హాలీలో అణాకు ఆఱు పైలు, రూపాయికి 96 పైలు. కల్దారులో అణాకు పండ్రెండు పైలు, రూపాయికి 192 పైలు. ఏడు హాలీ పైలు ఒక కల్దారు అణాకు సమానము. ఏడింటికంటెఁ దక్కువ పైలు గలవానికి సరియైన మారకమునకుఁ దగిన నాణెమే లేదు. రెండు హాలీ పైల నాణెమునకు 3 3/7 కల్దారు పైలు రావలెను; దగ్గఱి నాణెము మూఁడు పైల కాని. కావున దానిని గానికి మార్చుకొన్నవాఁడు ఎనిమిదవ పాలు పోఁగొట్టుకొనును. హాలీ రూపాయికి 13 అణాల 8 4/7 పైలు రావలెను. 13 అణాల 8 పైలు పుచ్చుకొన్నవానికి నష్టము 288వ పాలు మాత్రమే. ఒకే ధర, ఒకే శాసనము. అయినను నాణెము చిన్నదగుకొలఁది నష్టము పెద్దదగుచున్నది. బీదవాని సొమ్మంతయుఁ జిల్లరలోనే యుండును. కావున ద్రవ్యపరివర్తనమునఁ బడిన తఱుగులో నధికభాగమును భరించినవాఁడు వాఁడే.

1950 జనవరి 26 తరువాత హైదరాబాదు భారతరాజ్యాంగమునకు లోనై, హాలీయు భారతనాణెమును గొంతకాలము కలసి నడచెను. 1953లో హైదరాబాదు నాణెములను, కాగితపు ద్రవ్యమును గూర్చి పార్లమెంటు ప్రత్యేకశాసనము చేసెను. 1959 నాఁటికి హాలీసిక్కా చెలామణి ముగిసెను. ఈ మధ్యకాలముననే 1957 ఏప్రిలు 1 మొదలు దశాంశపద్ధతి ప్రవేశించి, రూపాయికి నూఱు నయాపైసలయ్యెను. హాలీనుండి కల్దారునకును, కల్దారు అణాలనుండి నయాపైసలకును లెక్కలు మార్చుకొనవలసిన యవస్థ తెలంగాణమునకు పదియేండ్లలోపల రెండుమాఱులు గలిగెను. కొత్తలెక్కలోను పూర్వపు దోషమే కలదు. అణాకు 6 1/4 నయాపైసలు రావలసియుండఁగా నాఱు లెక్కింపఁబడెను. నాలుగణాలకు సరిగా 25. నాలుగణాల నొకమాఱు చెల్లించినవానికి 25 పైసలు, ఒక్కొక్కటిగా చెల్లించినవానికి 24 పైసలు. నయా యను విశేషణము 1964 జూను 1న తొలఁగినది. హాలీ యను పేరు కాలము చెల్లినను విడువలేదు. నయా యను పేరు కాలము చెల్లినంతనే విడువఁబడెను. మొదటిది జనుల నోట నిలిచినది; రెండవది శాసనమువలన వచ్చి శాసనముతోనే పోయినది.

చెల్లని చిల్లరను దాఁచుటకు హేతువులు మూఁడు కనఁబడుచున్నవి. మొదటిది లోహపు వెల. ముఖమూల్యము తగ్గి లోహమూల్యము మించినప్పుడు నాణెము సంతలోఁ గనఁబడక మూసలోనికిఁ గాని, మూలకుండలోనికిఁ గాని పోవును. 1940లో నాంగ్లప్రభుత్వము వెండి నాణెములలో వెండిని సగముపాలునకుఁ దగ్గించి, 1941 మొదలు విక్టోరియా కాలపు నాణెములను, పిమ్మట తక్కిన పాతవెండి నాణెములను రద్దు చేసెను. మేలివెండి నాణెము దాఁపునకుఁ బోయి, కల్తీ నాణెము సంతలో మిగిలినది. యుద్ధకాలమున రాగికిఁ గఱవు రాఁగా 1943లో నడుమ రంధ్రము గల కాని వెలువడెను. రెండవ హేతువు దూరము. చిల్లరను మార్చుకొనుటకుఁ బట్టణమునకుఁ బోవు కూలివానికి నొకదినపు కూలి పోవును. మార్చినందున వచ్చునది యంతకంటెఁ దక్కువ. కావున గల్లగురిగిలోని పైసలు గల్లగురిగిలోనే యుండుట లెక్కకుఁ దగినదే, దానిని నజ్ఞానమనరాదు. మూఁడవది శ్రద్ధ. ముడుపు గట్టిన నాణెమును చెలామణి పోయినదని యెవ్వరు విప్పుదురు? చిల్లికాని పసిపిల్లల మొలత్రాటికెక్కెను. తండాలలో లంబాడీ స్త్రీలు నాణెములను భూషణములుగాఁ గూర్చుకొనుట ప్రసిద్ధము. అట్టి నాణెమునకు ముఖమూల్యముతోఁ బనిలేదు.

ప్రభుత్వము మొదటి హేతువునే దోషముగ నెంచినది. 1971 నాఁటి చిన్ననాణెముల నేరముల చట్టము, చిల్లరను గరఁగించుటను, కరఁగించుటకై కూడఁబెట్టుటను నిషేధించెను. ఆ చట్టమును దొలఁగించి 2011లో క్రొత్త నాణెముల చట్టము వచ్చినది. ఆ సంవత్సరముననే జూను 30 మొదలు 25 పైసలును, అంతకుఁ దక్కువవియు నైన నాణెములు చెల్లకపోయెను. తెలంగాణమున చారాణయని పిలువఁబడిన పావలా యట్లంతరించినది. అయినను చారాణకోడికి బారాణమసాలా యను సామెత చెల్లుచునే యున్నది. ఎఱ్ఱ యేగాని, దమ్మిడి, చిల్లిగవ్వ మొదలగునవియు ఖజానాలో లేవు, వాడుకలోఁ గలవు. చెల్లని నాణెములను నిలువచేయుటలో భాష కుండకంటె గట్టిది.

ఇఁక నీ దాఁపు చరిత్రకారునకు బోధించునది యేమి? కాజీపేటనుండి బల్లార్షాకుఁ బోవు మార్గముననే పెద్దపల్లి యున్నది. దానికి సమీపమునఁగల పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనుల నాణెములు వేలకొలఁది యొకకుండలో లభించెను. గోదావరీతీరమునఁగల కోటిలింగాలయందు శాతవాహనులలో మొదటివాఁడైన సిముకుని నాణెములు దొరకినవి. శాతవాహన నాణెములలోఁ బెక్కులు సీసము, రాగి, పోటిను అను లోహములవి. సంతలలోఁ జేతులు మాఱిన చిల్లర. ఇట్టి కుండ దొరకినతోడనే యది ధనికుని నిధియనియో, శత్రుభీతిచేఁ బాతిపెట్టఁబడినదనియో చెప్పుట వాడుక. ధనికుఁడు దాఁచినచో బంగారమును, వెండిని దాఁచును. చిల్లర మాత్రమే రాశిగా దొరకినచోట నది సంతసొమ్మో, దేవుని ముడుపో, చెలామణి పోయి మార్పునకు నోచని మిగులో యని కూడ విచారింపవలసియున్నది. హాలీ యుదంతము కండ్లయెదుట జరిగినది కావున నీ మూఁడవపక్షము కేవలము నూహ గాదు.

రెండవ బోధ కాలనిర్ణయమును గూర్చినది. కుండలోని నాణెములలోఁ గడపటిదాని సంవత్సరమే కుండను బూడ్చిన సంవత్సరమని సామాన్యముగా భావింతురు. ఉస్మాన్ అలీఖాను నాణెములు హిజరీ 1329 మొదలు 1368 వఱకు, అనఁగా క్రీ.శ. 1911 మొదలు 1949 వఱకుఁ గలవు. 1959 పిమ్మట నొక గృహిణి తన హాలీచిల్లరను కుండలోఁ బోసి మూసినదనుకొందము. వేయేండ్లకు దానిని దీసినవానికిఁ గడపటి నాణెముమీఁద 1368 కనఁబడును. ఆ సంవత్సరముననే యేదో విపత్తు సంభవించి కుండ పూడ్పఁబడెనని యతఁడు వ్రాసినచోఁ బదియేండ్ల పొరపాటగును. కడపటి నాణెము పూడ్పునకుఁ బూర్వావధినే చెప్పును, పరావధిని జెప్పదు. ఇతర సాక్ష్యములు లేక నాణెమొక్కటియే నిర్ణయమునకుఁ జాలదు.

చెల్లని చిల్లరను గూడఁబెట్టుట వ్యర్థమనియు, కరఁగించి పాత్ర చేసినచో నుపయోగకరమనియు నందురు కొందఱు. నాణెము నాణెముగానున్నంతకాలమే ముద్ర, సంవత్సరము, టంకశాల, తూకము తెలియును. మూసలోఁ బడిన పిమ్మట రాగి మాత్రమే మిగులును. కూడఁబెట్టినవాఁడు చరిత్రముకొఱకుఁ గూడఁబెట్టకున్నను చరిత్రమునకు మేలే చేసినాఁడు. అయితే కుండలోని నాణెములను విడదీసి యొక్కొక్కటిగాఁ బంచినచో నా మేలు సగము పోవును. ఏ యూర, ఏ యింట, ఏ పాత్రలో, వేనితోఁగూడ నెన్ని యుండెనో వ్రాసియుంచినప్పుడే రాశికిఁ బ్రమాణత్వము గలుగును. భూమిలో దొరకిన నిధి వెల పది రూపాయలకు మించినచో కలెక్టరునకుఁ దెలుపవలెనని 1878 నాఁటి నిధిచట్టము చెప్పుచున్నది. ఇంటి గురిగిలోని చిల్లరకట్టి విధి లేదు. దానిని లెక్కవ్రాయఁగలవారు పాఠశాలల పండితులే. ఓరుగల్లు సీమలోఁ బల్లెకొక పండితుఁడు తన విద్యార్థుల యిండ్లలోని హాలీచిల్లర నొకమాఱు లెక్కించి, సంవత్సరములను దూకములను గుర్తించి, తిరిగి యాయా యిండ్ల కప్పగించినచో, ద్రవ్యపరివర్తనకాలమున నెవరెంత పోఁగొట్టుకొనిరో తెలుపు ప్రమాణము లభించును. చార్మినారు చిత్రమును, అయినును చేతిస్పర్శచే నరిగి మాయకముందే యీ పని జరుగవలసియున్నది.